విరిగింది చెవి, మార్చమన్నది మొహం

దసరా ముందు వారం మా మేనల్లుడి కారుకి బెజవాడ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద ఓ స్కూటర్ తగిలింది. యాక్సిడెంట్ అనేంత పెద్దదేం కాదు. ఆగి ఉన్న కారు ముందు మూలకి స్కూటర్ ఒరిగి ఆనుకుంది, అంతే. బంపర్ మీద జానెడు గీత పడింది. స్కూటరతను సారీ అన్నాడు, మా వాడు పర్లేదన్నాడు, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. రాత్రి ఇంటికొచ్చి చూసుకుంటే ఎడమ హెడ్‌లైటు కాస్త కిందికి చూస్తోంది. దాన్ని లోపల పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవి ఒకటి విరిగింది. గోరంత ముక్క. సర్వీస్ సెంటర్ వాళ్లు ఆ చెవి విడిగా రాదన్నారు, లైటు మొత్తం మార్చాలన్నారు. 38 వేల రూపాయలు.

"ఇన్సూరెన్స్ ఉందిగా" అంది మా అక్క. "దీనికి వాడితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, వచ్చే ఏడు ప్రీమియం పెరుగుతుందమ్మా" అన్నాడు వీడు. నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

"మీ కార్లన్నీ ఇంతేరా. కొట్టడానికి వస్తున్నట్టు చూస్తాయి, చిన్న దెబ్బ తగిలితే మొహం వేలాడేస్తాయి" అన్నాను.

"మామయ్యా, నేనీ కారు కొన్నదే ఆ లైటు చూసి" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఎందుకంటే వాడు చెప్పింది నిజం. నాలుగు షోరూంలు తిప్పాడు నన్ను. మైలేజీ, సర్వీసు, రీసేల్ అన్నీ లెక్కలేసి, చివరికి బానెట్ అంచున ఈ చివర నుంచి ఆ చివరికి సన్నటి తెల్ల గీతలా వెలిగే లైటు చూసి బుక్ చేశాడు. నచ్చి కొన్న ముక్కే విరిగింది.

పాత కార్ల పిచ్చివాళ్లు, కొత్త కార్ల పిచ్చివాళ్లు ఒకచోట చేరితే జరిగే గొడవ మీకు తెలిసే ఉంటుంది. ఒకరు క్రోమ్ బంపర్లు, గుండ్రటి లైట్లు, వంపులు అంటారు. ఇంకొకరు మీ అంబాసిడర్ బోర్లించిన బాండీలా ఉంటుందంటారు. ఇద్దరూ కారుని ఫొటోలో చూసినట్టే మాట్లాడతారు, అప్పుడే కడిగి ఎండలో నిలబెట్టినట్టు. నా వాదన ఒక్కటే. కారు అందంగా ఉందో లేదో పదిహేనో ఏట చెప్పాలి, ఇరవయ్యో ఏట చెప్పాలి. నాలుగు దెబ్బలు తిని, రెండుసార్లు పెయింట్ పడి, మూడో ఓనర్ చేతిలోకి వెళ్లాక ఎలా ఉందో చూసి చెప్పాలి. ఆ లెక్కన చూస్తే ఇప్పటి కార్లని గీస్తున్న తీరులో ఒక తప్పుంది. దాని గురించే ఈ రాత.

మా నాన్నకి సెకండ్ హ్యాండ్ ఫియట్ ఉండేది. పేరు ప్రీమియర్ పద్మిని, కానీ మా ఊళ్లో దాన్ని పద్మిని అన్నవాణ్ణి నేను చూడలేదు. గేరు స్టీరింగ్ పక్కన ఉండేది, ముందు సీటు బెంచీలా ఉండేది, ముగ్గురు కూర్చునేవాళ్లం. ముందు కిటికీ మూలన చిన్న ముక్కోణపు అద్దం. దాన్ని బయటికి తిప్పితే గాలి నేరుగా మొహానికి కొట్టేది. ఏసీ లేని రోజుల్లో ఆ అద్దం పక్కన కూర్చోడానికి నేనూ అక్కా రోజూ తన్నుకునేవాళ్లం.

ఒకసారి నూజివీడు రోడ్డులో ఎదురుగా వచ్చిన ఎడ్లబండి కాడి తగిలి కుడివైపు లైటు పగిలింది. హనుమాన్ జంక్షన్ దాకా ఒంటి కన్నుతో వచ్చాం. అక్కడ రోడ్డు పక్క కొట్టతను స్క్రూ డ్రైవర్ తెచ్చి లైటు చుట్టూ ఉన్న రింగు ఊడదీశాడు, పగిలిన గాజు పీకేశాడు, కొత్తది పెట్టాడు. నాన్న టీ తాగి వచ్చేలోపు పని అయిపోయింది. ఆ 7 అంగుళాల గుండ్రటి లైటు ఫియట్‌కీ అదే, అంబాసిడర్‌కీ అదే, జీపుకీ అదే. ఏ ఊళ్లో అడిగినా దొరికేది.

ఇది చెబితే వాడు నవ్వాడు. "లైటు సరే మామయ్యా, మరి తుప్పో? అమ్మ చెప్పింది, మీ ఫియట్ ఫ్లోర్‌కి చిల్లు పడి వానాకాలం నీళ్లు కాళ్ల మీదికి చిమ్మేవంటగా."

నిజమే. చిమ్మేవి. తలుపుల కింద రేకు అప్పడంలా తయారయ్యేది. ఏడాదికోసారి టింకరింగ్ షెడ్డుకి తోలుకెళ్లడం, మేస్త్రి ఆ ముక్క కోసి కొత్త రేకు అతికి, పుట్టీ పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది రంగేయడం. ఇప్పటి కార్ల రేకు, రంగు దానికంటే చాలా మెరుగు, అందులో అనుమానం లేదు. ఫియట్ చెడిపోయేదన్న మాట వాస్తవం. అయితే చెడిపోయిన ప్రతిసారీ బాగుపడి తిరిగొచ్చేది కూడా. ఆ మొహం అలా గీసి ఉంది కాబట్టి.

ఇక్కడ పాత కార్ల వాళ్లతో కూడా నాకు ఒక పేచీ ఉంది.

డాలస్‌లో ఉండే మా క్లాస్‌మేట్ ఒకడు 1960ల ఫోర్డ్ మస్టాంగ్ కార్ల ఫొటోలు పంపుతుంటాడు. "ఆ రోజుల్లో అందం తెలిసిన మనుషులు కార్లు గీసేవాళ్లురా" అని కింద రాస్తాడు. వాడికి నచ్చే ఆ గుండ్రటి కళ్లు డిజైనర్ సరదా పడి పెట్టినవి కావు. అమెరికాలో 1940 నుంచి హెడ్‌లైటు అంటే 7 అంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్ అని రూలు. గాజు, అద్దం, ఫిలమెంటు కలిపి ఒకటే బుడ్డి. 1950ల చివర్లో చిన్నవి నాలుగు పెట్టుకోవచ్చన్నారు, అవీ గుండ్రమే. చదరపు లైట్లకి ఒప్పుకున్నది 1970ల మధ్యలో. కంపెనీ తనకు నచ్చిన ఆకారంలో లైటు చేసుకునే వీలు 1980ల్లో గానీ రాలేదు. అంటే నలభై ఏళ్లకు పైగా అమెరికా కారుకి కళ్లు గీసింది ప్రభుత్వం. కాడిలాక్ లాంటి కార్లకి 1959 నాటికి వెనక రెక్కల్లాంటి తోకలు అంత ఎత్తుకి లేవడానికి కారణం కూడా కొంత ఇదేనేమో అని నా అనుమానం. కళ్లు ముట్టుకోవడానికి లేనప్పుడు చెయ్యి ఊరుకోదు కదా, తోక మీదికి పోతుంది.

ఇంకా తమాషా ఏమిటంటే, ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ డీఎస్ అని ఒక కారు. 1955 పారిస్ మోటార్ షోలో పెట్టినప్పుడు ఆకాశం నుంచి దిగినట్టుందని జనం ఎగబడ్డారు. గీసినవాడు ఫ్లామినియో బెర్తోని, శిల్పి కూడా. 1967లో ఆ కారుకి లైట్లు గాజు తెర వెనక్కి వెళ్లాయి, స్టీరింగ్ ఎటు తిప్పితే లోపలి జత అటు తిరిగేది. ఇప్పటికీ డీఎస్ అనగానే గుర్తొచ్చేది ఆ మొహమే. అదే కారు అమెరికాలో అమ్మాల్సి వచ్చేసరికి గాజు తెరా లేదు, తిరగడమూ లేదు. అక్కడి రూలు ఒప్పుకోలేదు. జాగ్వార్ ఈ-టైప్‌కీ అదే గతి, 1968 ప్రాంతంలో దాని లైట్ల మీది గాజు మూతలు పోయాయి. ఒకే కారు, సముద్రం దాటేసరికి మొహం మారింది.

మన దగ్గర మాత్రం తక్కువా? మన కార్ల ఆకారాన్ని పన్ను గీసింది. 2006 బడ్జెట్లో చిన్న కారుకి ఎక్సైజ్ సుంకం తగ్గించారు. చిన్న కారంటే పొడవు 4 మీటర్ల లోపు ఉండాలి, పెట్రోల్ ఇంజనైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు. అంతే, దేశం మొత్తం టేపు పట్టుకుని కూర్చుంది. 2008లో టాటా ఇండిగో సీఎస్ వచ్చింది, డిక్కీ కోసి 4 మీటర్లలో ఇరికించిన సెడాన్. 2012లో మారుతి డిజైర్‌నీ అలాగే కోశారు, మొదటి డిజైర్ 4 మీటర్లు దాటి ఉండేది, రెండోది 3995 మిల్లీమీటర్లకి దిగింది. ముందు నుంచి చూస్తే సెడాన్, వెనక నుంచి చూస్తే జుట్టు పొట్టిగా కత్తిరించిన పిల్లాడి మెడ. ఆ డిక్కీ చూసి డిజైనర్ని తిట్టినవాళ్లు చాలామంది. నేనూ తిట్టాను. తిట్టాల్సింది ఎవర్నో తర్వాత తెలిసింది. 2025 సెప్టెంబర్లో జీఎస్టీ మార్చినప్పుడు కూడా ఆ గీత చెరపలేదు. గీతకి ఇవతల 18 శాతం, అవతల 40 శాతం. ఇంకొన్నేళ్లు టేపు మన చేతిలోంచి దిగదు.

అంబాసిడర్ సంగతి వేరే చెప్పాలా. ఇంగ్లండులో 1950ల నడుమ వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని హిందుస్తాన్ మోటార్స్ ఉత్తరపాడాలో చేయడం మొదలుపెట్టింది, 2014 మే దాకా చేసింది. గ్రిల్ మార్చారు, లోపల ఇంజన్లు మార్చారు, వంటి మీది వంపులు మాత్రం తాతల నాటివే. మనకి అది అంత అందంగా కనపడటానికి సగం కారణం వేరే కారు లేకపోవడం. చిన్నప్పటి నుంచి కలెక్టరు దిగినా, పెళ్లికొడుకు దిగినా ఆ తలుపులోంచే దిగాడు. కంటికి అలవాటైంది మనసుకి అందమైంది. 1998లో హ్యుందాయ్ శాంట్రో వస్తే నిలువు మీద పెరిగిన ఇడ్లీ పాత్రలా ఉందని మేం వెక్కిరించాం. ఇప్పుడు మా మేనల్లుడి వయసు పిల్లలకి ఆ శాంట్రో చూస్తే ముద్దొస్తుందట, వాళ్ల నాన్నల మొదటి కారు కదా. పాతది కాబట్టి అందం అనే వాదన మీద నాకు నమ్మకం పోయింది ఇందుకే.

మా వాడు దీంతో ఊరుకోలేదు. నా గడ్డం చూపించాడు.

నా గడ్డం కింద అంగుళంన్నర మచ్చ ఉంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ ఫియట్‌లో, నేను పోట్లాడి సాధించుకున్న ఆ ముక్కోణపు అద్దం పక్క సీట్లో కూర్చుని ఉండగా, గేదెలు అడ్డమొచ్చి నాన్న బ్రేకు తొక్కాడు. సీటు బెల్టు లేదు. డాష్‌బోర్డు అంచుకి గడ్డం కొట్టుకుంది. అయిదు కుట్లు. వేగం మహా అయితే నలభై ఉంటుంది. వాడి కారులో ఇదే జరిగితే బెల్టు లాగి పట్టుకునేది. ఇంకొంచెం గట్టిగా జరిగితే ఎయిర్‌బ్యాగ్ వచ్చేది.

ఈ మచ్చ ముందు నా క్రోమ్ బంపర్ నిలబడదు, ఒప్పుకున్నాను. ఇప్పటి కార్ల బానెట్లు బోసి గోడలా ఎత్తుగా ఉంటాయని మనం అంటాం గానీ దానికీ ఒక కారణముంది. నడిచేవాణ్ణి కారు గుద్దితే అతని తల వచ్చి పడేది బానెట్ మీద. రేకు కింద వెంటనే ఇంజను ఉంటే తల పగులుతుంది. మధ్యలో ఖాళీ ఉంటే రేకు లోపలికి పోయి దెబ్బని తీసుకుంటుంది. మన దగ్గర 2018 అక్టోబర్ నుంచి కొత్త మోడళ్లకి పాదచారుల రక్షణ పరీక్ష పెట్టారు. ఎస్‌యూవీ అంటే జనానికి ఉన్న మోజు కూడా తోడై బానెట్ లేచింది. అలాగే ముందు అద్దం పక్కన ఉండే పిల్లర్. ఫియట్‌లో అది కర్రంత ఉండేది, ఇప్పుడు అరటి బోదెంత ఉంది. కారు పల్టీ కొడితే కప్పు నలగకుండా ఆపేది అదే. దాని చాటున బైకు మొత్తం దాక్కుంటుంది, అదో నరకం. ఎనికేపాడు దగ్గర యూటర్న్ తీసుకునేటప్పుడు నేను సీట్లో ముందుకీ వెనక్కీ ఊగుతాను, ఆ పిల్లర్ వెనకాల ఎవరన్నా ఉన్నారేమోనని. పక్కన కూర్చున్నవాళ్లు నాకు పూనకం వచ్చిందనుకుంటారు. అయినా ఆ పిల్లర్ మీద నేను ఫిర్యాదు చేయను. ప్రాణం కోసం లావైంది.

నా ఫిర్యాదు ప్రాణంతో, పన్నుతో సంబంధం లేకుండా, కేవలం సోకు కోసం చేసిన పనుల మీద. అందులో మొదటిది ఈ లైట్ల వ్యవహారం.

2010లో నిస్సాన్ జూక్ వచ్చినప్పుడు పైన కళ్లలా ఉన్నవి అసలు హెడ్‌లైట్లు కావు. అసలువి కింద బుగ్గల్లో పెద్ద గుండ్రాలుగా ఉండేవి. జనం కప్ప అన్నారు, అయినా కొన్నారు. తర్వాత చాలా కంపెనీలు ఆ దారి పట్టాయి. మన దగ్గర 2019లో టాటా హారియర్ అలాగే వచ్చింది, పైన సన్నటి పగటి లైటు, హెడ్‌లైటు కింద బంపర్‌లో. చూడటానికి బాగుంటుంది, కాదనను. పైన సన్నటి గీత ఉంటే కారు వెడల్పుగా, పొగరుగా కనిపిస్తుంది. రాత్రి దూరం నుంచే ఏ కారో తెలిసిపోతుంది. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. కారులో మొట్టమొదట గుద్దుకోడానికని పెట్టిన భాగం బంపర్. కారు ముందు భాగంలో ఖరీదైన వస్తువుల్లో ఒకటి ఎల్ఈడీ హెడ్‌లైటు. తీసుకెళ్లి దీన్ని దాంట్లో పెట్టారు. గుమ్మం ముందు చెప్పులు విడిచే చోట టీవీ పెట్టుకున్నట్టు.

ఫియట్‌కి ముందు తగిలేది బంపర్, లైటు దానికి వెనక, పైన ఉండేది. బంపర్ వంగితే మేస్త్రి ఊడదీసి సుత్తితో సాగదీసేవాడు. మునుపటంత మెరుపు ఉండేది కాదు, కానీ బంపరే. ఆ రక్షణ పోయిందన్న సంగతి జనానికీ తెలుసు. అందుకే షోరూం నుంచి బయటికి రాగానే ముందు ఇనుప గార్డు బిగించుకునేవాళ్లు. 2017 డిసెంబర్లో కేంద్రం దాన్ని వద్దంది, నడిచేవాళ్లకి ప్రమాదమని, ఎయిర్‌బ్యాగ్ పనితీరుకి అడ్డమని. వద్దనడం సబబే. అయితే ఆ గార్డు బిగించుకున్నవాడి భయం కూడా సబబే. ఆ భయానికి జవాబు డిజైనర్ చెప్పాలి, చెప్పలేదు.

విరిగే చెవిని విడిగా మార్చుకునేలా చేయడం చేతకాని విద్యేం కాదు. నాలుగు స్క్రూలతో బిగించే ముక్కగా చేస్తే సరిపోతుంది. లైటు మీది పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ మూత అయిదారేళ్ల ఎండకి పసుపెక్కుతుంది. పాత కార్ల గాజుకి ఆ జబ్బు లేదు. మూతని విడిగా మార్చే వీలుండదు, జిగురుతో సీలు చేసి ఉంటుంది. అందుకే మన రోడ్ల మీద పదేళ్ల కారు ఏది చూసినా కళ్లకి శుక్లాలొచ్చినట్టు ఉంటుంది. అప్పట్లో దాన్ని చూసి ఎంతమంది మోజుపడి కొన్నారో ఇప్పుడు ఊహించుకోవడం కూడా కష్టం. నేను చెప్పే ఇరవయ్యో ఏటి అందం ఇదే. కొత్త కారు గీసేవాడి కంప్యూటర్‌లో ఆ పసుపు మూత ఉండదు, జానెడు గీత ఉండదు, మూడో ఓనరు ఉండడు.

కొత్త సియెర్రా గురించి కూడా అడిగాడు వాడు. 1991 నాటి టాటా సియెర్రాకి వెనకవైపు పెద్ద అద్దాలు కప్పు దాకా వంగి ఉండేవి, అంత అందమైన భారతీయ కారు మళ్లీ రాలేదని నా అభిప్రాయం. అవి తెరుచుకోవు. మే నెలలో బెజవాడలో ఆ వెనక సీట్లో కూర్చున్నవాణ్ణి అడగండి అందం గురించి. ఇప్పుడొచ్చిన దానికి నాలుగు తలుపులున్నాయి, అద్దాలు దిగుతాయి, పాత వంపు అద్దంలా అనిపించడానికి నల్ల రంగు మెరుపు వేశారు. బొట్టుబిళ్ల పెట్టుకుంటే అమ్మమ్మ అయిపోదు గానీ, పోలిక మాత్రం తెలుస్తోంది. కూర్చునేవాడి వైపు నుంచి చూస్తే కొత్తదే మంచిది.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ ఒకటుంది, 1912 నాటిది, ఆరో నిజాం ఆర్డరిచ్చాడు, కారొచ్చేసరికి ఆయన లేడు. దాని చాసిస్ అంటే కింది చట్రం, ఇంజను రోల్స్ వాళ్లవి, పైన బాడీ బార్కర్ అనే వేరే కంపెనీది. ఆ కాలంలో అంతే, కింద ఒకరు, పైన ఒకరు. ఆ పద్ధతి ప్రపంచంలో కార్లకి ఎప్పుడో పోయింది. మన ఆటోనగర్‌లో లారీలకి మాత్రం బతికింది. చాసిస్ వచ్చేది, క్యాబిన్ ఇక్కడ చెక్కతో, రేకుతో కట్టేవాళ్లు. ఓనరు పక్కన నిలబడి ఇక్కడ గూడు పెట్టు, ఇక్కడ దేవుడి పటానికి చోటుంచు అని చెప్పేవాడు. వాకిట్లో ముగ్గేసినట్టు లారీ వెనక డాలా మీద పువ్వులు, నెమళ్లు వేసేవాళ్లు. మనకి కారు స్టైలింగ్ సంప్రదాయం అంటూ పెద్దగా లేదు గానీ లారీ స్టైలింగ్ మాత్రం ఉంది. దాన్ని ఏ కార్ల పుస్తకంలోనూ రాయరు.

ఆ ఆటోనగర్‌కే తీసుకెళ్లాను మా వాణ్ణి, తర్వాతి ఆదివారం. నాకు తెలిసిన షెడ్డు. మేస్త్రి బంపర్ విప్పడానికే గంట పట్టింది. వాళ్ల నాన్న మా ఫియట్‌కి రేకులు అతికినవాడు. ఇతను లైటుని ఒళ్లో పడుకోబెట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంత చేసినోళ్లు ఈ చెవి దగ్గర కక్కుర్తి పడ్డారు సార్" అన్నాడు.

సోల్డరింగ్ గన్ వేడి చేసి, విరిగిన చోట సన్నటి ఇనప జాలీ ముక్క ఒకటి ప్లాస్టిక్‌లోకి దించి, పాత బంపర్ నుంచి కోసిన ముక్క కరిగించి పైన పోశాడు. ఆరాక ఆకురాయితో రుద్దాడు. అసలు చెవి కంటే లావుగా, గుమ్మడి తొడిమలా తయారైంది. తొమ్మిది వందలు తీసుకున్నాడు. మా వాడు అంతసేపూ పక్కనే గొంతుక్కూర్చుని చూశాడు, ఫోన్ ఒక్కసారి తీయలేదు.

రాత్రి గుడివాడ వెళ్లాలి, ఆ కారులోనే బయల్దేరాం. తెల్ల గీత ఈ చివర నుంచి ఆ చివరికి చక్కగా వెలిగింది. కంకిపాడు దాటాక ఎదురొచ్చే ప్రతి లారీ మాకు డిప్పర్ కొట్టడం మొదలుపెట్టింది.

"హై బీమ్ వేశావేంట్రా?"

"లో బీమే మామయ్యా."

దిగి చూశాం. కుడివైపుది రోడ్డుని చూస్తోంది. ఎడమవైపుది కొబ్బరిచెట్టు మొవ్వుని చూస్తోంది.

"స్క్రూ తిప్పితే దిగిద్దన్నాడుగా" అని వాడు బానెట్ ఎత్తి, ఫోన్ లైటు నోట కరుచుకుని వెతకడం మొదలుపెట్టాడు.